కిటికీ కన్నా పెద్ద ఇటుక!

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని కొత్తగా ఇల్లు కట్టే చోటికి వెళ్లి చూడండి. చాలాచోట్ల పునాది కూడా పూర్తి కాకముందే స్థలం ముందు ఒక ఫ్లెక్సీ వేలాడుతూ ఉంటుంది. అందులో రెండంతస్తుల మేడ, బాల్కనీ, ముందు ఒక కారు, వెనక నీలాకాశం, రెండు మబ్బు తునకలు. ఇంకా పుట్టని ఇంటికి ఫోటో ఎవరు తీశారు? ఎవరూ తీయలేదు. కంప్యూటర్ గీసింది. దానికి జనం పెట్టుకున్న పేరు 'త్రీడీ ఎలివేషన్'.

ఈసారి అలాంటి బొమ్మ కనబడితే కాసేపు ఆగి గోడల కేసి చూడండి. ఒక్కోసారి భలే వింతలు కనిపిస్తాయి. ఇటుక కిటికీ కన్నా పెద్దదిగా ఉంటుంది. వాకిట్లో పరిచిన ఒక్క టైలు మీద కారు మొత్తం నిలబడి ఉంటుంది. మరో బొమ్మలో ఇటుకలు ఎంత చిన్నవంటే, గోడను అగ్గిపుల్లలతో కట్టారేమో అనిపిస్తుంది. చిత్రమేమిటంటే ఇల్లు మాత్రం సరిగ్గానే ఉంటుంది. తలుపు తలుపంతే, కిటికీ కిటికీ అంతే. ఒంటి కొలతలు తప్పలేదు, తొడిగిన చొక్కా కొలత తప్పింది. ఎందుకలా జరిగింది?

దీనికి జవాబు కావాలంటే కంప్యూటర్ ఇల్లు ఎలా కడుతుందో తెలియాలి. అది ఇటుక మీద ఇటుక పేర్చదు. ముందు ఉత్త ఆకారం తయారు చేస్తుంది: పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న నున్నటి పెట్టె. తొలిరోజుల్లో కంప్యూటర్ బొమ్మలన్నీ ఇలాగే, నున్నటి ప్లాస్టిక్ ముద్దల్లా ఉండేవి. 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ అనే విద్యార్థి తన డాక్టరేటు పరిశోధనలో ఒక ఉపాయం చెప్పాడు. ఇటుకల్నీ గరుకునీ ఒక్కొక్కటిగా చెక్కడం ఎందుకు? చదునైన బొమ్మ ఒకటి తెచ్చి ఆకారం మీద అతికిస్తే పోలేదూ! ఈ కాట్మలే తరువాత పిక్సార్ సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు. పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన మొదటి పెద్ద సినిమా 'టాయ్ స్టోరీ' 1995లో ఆ సంస్థ నుంచే వచ్చింది.

అలా అతికించే బొమ్మను టెక్స్చర్ అంటారు. మనం 'తొడుగు' అని పిలుచుకుందాం. ఇటుకల ఫోటో గోడకు తొడుగు. చెక్క ఫోటో తలుపుకు తొడుగు. గచ్చుకు టైల్సు ఫోటో. దర్జీ గుడ్డ కప్పినట్టే కదా అనుకుంటున్నారా? ఒక్క తేడా ఉంది, చిక్కంతా అక్కడే ఉంది. మీటరు గుడ్డ ఎక్కడ పరిచినా మీటరే. బొమ్మకు ఆ గుణం లేదు. అదే ఫోటో సెల్‌ఫోన్‌లో బెత్తెడు ఉంటుంది, సినిమా తెర మీద కొబ్బరిచెట్టంత ఉంటుంది.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల వంశంవారు కట్టించిన శివాలయాలు అక్కడున్నాయి. నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు చూసి తీరవలసినవి. అలాంటి స్తంభాన్ని ఒంటరిగా, చుట్టుపక్కల మనిషి గాని మెట్టు గాని పడకుండా ఫోటో తీసి, గుడి చూడని మీ స్నేహితుడికి చూపించండి. ఎంత ఎత్తు ఉంటుందో చెప్పమనండి. చెప్పలేడు. అది నిలువెత్తు స్తంభమూ కావచ్చు, చదరంగంలో పావూ కావచ్చు. పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాల దగ్గర ఫోటో తీసేటప్పుడు పక్కన నలుపు తెలుపు గళ్ల కొలబద్ద పెట్టేది ఇందుకే. ఫోటోలో వెలుగు ఉంటుంది, రంగు ఉంటుంది, ఆకారం ఉంటుంది. సైజు మాత్రం ఉండదు. దాన్ని పక్కనుంచి మనం చెప్పాలి.

మన గోడ దగ్గరికి వద్దాం. మీ దగ్గర ఒక ఇటుకల ఫోటో ఉందనుకోండి. అందులో అడ్డంగా 5 ఇటుకలు, నిలువుగా 10 వరుసలు ఉన్నాయి. మన దేశపు ప్రామాణిక ఇటుక 190 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల ఎత్తు. మధ్యన సిమెంటు సందు 10 మిల్లీమీటర్లు కలుపుకుంటే, ఒక్కో ఇటుక గోడలో ఆక్రమించే చోటు 200 మిల్లీమీటర్లు, 100 మిల్లీమీటర్లు. అయిదు ఇటుకలు మీటరు పొడవు, పది వరుసలు మీటరు ఎత్తు. అంటే ఆ ఫోటో సరిగ్గా మీటరు మేర గోడ అన్నమాట. (వరుసలు సరిసంఖ్యలో ఉండటం మంచిది. మేస్త్రీ ఒక వరుస మీద తరువాతి వరుసను సగం ఇటుక జరిపి పెడతాడు. అందుచేత బేసి వరుసల ఫోటోను మళ్లీ మళ్లీ అతికిస్తే, అతుకు దగ్గర ఇటుక మీద ఇటుక నిలువునా వచ్చి కూర్చుని గుట్టు బయట పెట్టేస్తుంది. గళ్ల చొక్కాకు జేబు కుట్టే దర్జీకి ఈ బాధ బాగా తెలుసు.)

గోడ పొడవు 6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. మీరు ఏమీ చెప్పకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది? ఫోటో నాలుగు మూలల్ని గోడ నాలుగు మూలలకు లాగి కట్టేస్తుంది. మీ లెక్కల పుస్తకంలో ఎక్స్, వై అక్షాలున్నట్టే తొడుగు బొమ్మకూ రెండు అక్షాలుంటాయి. ఎక్స్, వై, జెడ్ మూడూ ఆకారానికే ఖర్చయిపోయాయి కనుక బొమ్మకు యు, వి అనే అక్షరాలు మిగిలాయి. బొమ్మ ఎడమ అంచు సున్నా, కుడి అంచు 1. కింది అంచు సున్నా, పై అంచు 1. బొమ్మ ఎంత పెద్దదైనా అంతే. సున్నా నుంచి 1 వరకూ ఉన్న దాన్ని 6 మీటర్ల గోడకు లాగితే అయిదు ఇటుకలే గోడంతా పరుచుకుంటాయి. ఇటుక పొడవు మీటరూ 20 సెంటీమీటర్లు! ఎత్తు 30 సెంటీమీటర్లు. కిటికీని మింగిన ఇటుక ఇదే. మనం చేయవలసిందల్లా బొమ్మను అడ్డంగా 6 సార్లు, నిలువుగా 3 సార్లు పరచమని చెప్పడం.

ఇది తేలికే. కాని అసలు బొమ్మల్లో తప్పు ఇంత అమాయకంగా ఉండదు. అది రావడానికి నాలుగైదు దారులున్నాయి. కంటికి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఇటుక పెద్దదో చిన్నదో అయినట్టు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, మౌసు పట్టుకుని తొడుగును కొంచెం లాగి, కొంచెం నొక్కి, 'ఆఁ, బాగానే ఉంది' అనిపించేవరకూ సవరిస్తారు. నన్నడిగితే ఇంతకన్నా చెడ్డ వైద్యం లేదు. జ్వరం తగ్గింది గాని జబ్బు లోపలే ఉంది. రేపు ఆ గోడ అడుగు పెరిగితే ఇటుక మళ్లీ లావెక్కుతుంది.

అసలు వైద్యం కొలతతో మొదలవుతుంది. దేన్నీ కదపకముందే ఒక్క ప్రశ్న వేసుకోండి: తప్పు ఎన్ని రెట్లు? బొమ్మలో తలుపు ఎత్తు 7 అడుగులని మనకు తెలుసు. ఆ తలుపు పక్కన ఎన్ని ఇటుక వరుసలు పడ్డాయో లెక్కపెట్టండి. ఏడు అడుగులంటే సుమారు 2.13 మీటర్లు, కాబట్టి 21 వరుసలు ఉండాలి. ఏడే ఉంటే తప్పు 3 రెట్లు. అడ్డంగా కూడా ఇలాగే లెక్కించండి. ఇలా వచ్చిన రెండు సంఖ్యలే దొంగ వదిలిపోయిన వేలిముద్రలు.

రెండు దిక్కులా ఒకే సంఖ్య వచ్చి, అది 3.28 అయిందనుకోండి. వెంటనే పట్టుబడిపోయినట్టే. మీటరుకు 3.28 అడుగులు. ఎవరో అడుగుల్ని మీటర్లుగా చదివారు. మన ఊళ్లలో ఈ పొరపాటు జరగకపోతేనే ఆశ్చర్యం. ప్లాటు గజాల్లో కొంటాం. గదిని అడుగుల్లో చెబుతాం. గోడ మందం అంగుళాల్లో చెబుతాం. టైల్సు డబ్బా మీద మిల్లీమీటర్లు ఉంటాయి. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ మామూలుగా మీటర్లలో ఆలోచిస్తుంది, స్కెచప్ లోలోపల లెక్కలన్నీ అంగుళాల్లో చేసుకుంటుంది. ఒకే ఇంట్లో ఇన్ని భాషలు! 20 అడుగుల గోడకు 30 ఇటుకలు పట్టాలి. దాన్ని 20 మీటర్లుగా చదివితే వంద పడతాయి. అగ్గిపుల్లల గోడ అలా పుడుతుంది. 25.4 వస్తే అంగుళం, మిల్లీమీటరు కలిసిపోయాయి. 12 వస్తే అడుగు, అంగుళం. 1000 వస్తే మీటరు, మిల్లీమీటరు. అప్పుడు గోడ మీద ఇటుకలు కనిపించను కూడా కనిపించవు, అంతా ఒకే ఎర్రరంగు. తొడుగు తగిలించడం మరచిపోయామేమోనని పిల్లలు గంటలకొద్దీ వెతుకుతారు. తొడుగు ఉంది, ఇటుక కంటికి ఆననంత చిన్నదయిపోయింది.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో దానికి బొమ్మను పంపేటప్పుడు ఇది మరీ ఎక్కువ. ఓబీజే అనే రకం ఫైలు చాలా వాడుకలో ఉంది. అందులో ఆకారపు మూలలన్నిటికీ అంకెలుంటాయి. ఆ అంకెలు మీటర్లో అంగుళాలో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. 'అయిదు' అని ఉత్తరం రాసి, అయిదు ఏమిటో రాయకుండా పోస్టు చేసినట్టు.

నవ్వకండి. పెద్దవాళ్లకీ తప్పలేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారకుడి మీదికి పంపిన 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' నౌక 1999 సెప్టెంబరు 23న నాశనమైంది. రాకెట్ల తోపుడును ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చింది, దాన్ని అందుకున్నది న్యూటన్ల లెక్క అనుకుంది. తేడా 4.45 రెట్లు. నౌక ఉండవలసిన ఎత్తుకన్నా బాగా కిందికి, అంగారకుడి వాతావరణంలోకి దిగిపోయింది.

అడ్డానికి ఒక సంఖ్య, నిలువుకు ఇంకో సంఖ్య వస్తే? అప్పుడు కొలతల భాష నిర్దోషి. వేరేచోట వెతకాలి. ముందు ఆ రెండు సంఖ్యల నిష్పత్తి చూడండి. 1.33 అయితే అది సెల్‌ఫోన్ ఫోటో పని. ఫోన్ ఫోటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది, దాన్ని నలుచదరమనుకుని అతికించారు. 6, 3 అని గోడ సొంత కొలతలే బయటపడితే బొమ్మను పరచకుండా సాగదీశారు.

ఇవేవీ కాకపోతే మూడో అనుమానితుడున్నాడు. బ్లెండర్‌లో గోడ కావాలంటే, మొదట అది ఇచ్చే 2 మీటర్ల ఘనాన్ని తీసుకుని ఒకవైపుకు లాగడం అలవాటు. కోదాడలో జాతీయ రహదారి పక్కన ఒక ప్రహరీ గోడ గీయాలనుకోండి. ఘనాన్ని పొడవుకు 10 రెట్లు లాగారు. 20 మీటర్ల గోడ వచ్చింది. మన దృష్టిలో అది 20 మీటర్ల గోడ. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ఇంకా 2 మీటర్ల ఘనమే, '10 రెట్లు లాగి చూపించాలి' అని పక్కన ఒక చీటీ అంటించుకుంటుంది. దాని మీద తొడుగు వేస్తే ముందు ఘనానికి వేసి, తరువాత తొడుగుతో సహా లాగుతుంది. ఊదని బుడగ మీద గుండ్రటి బొట్టు పెట్టి, తరువాత సాగదీయండి, తెలుస్తుంది. ఇటుకలు ఎత్తు మారకుండా పొడవుకు మాత్రం వాసాల్లా సాగిపోతాయి.

దీనికి మందు ఆ చీటీని చించేయడమే. 'అప్లై స్కేల్' అనే ఆదేశం ఇస్తే సాఫ్ట్‌వేర్ సాగిన కొలతల్నే అసలు కొలతలుగా ఒప్పుకుని, చీటీలోని అంకెల్ని 1, 1, 1 చేస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగి, ఇటుకలు ఇంకా సాగే ఉన్నాయేమిటని తల పట్టుకుంటారు. పాత తొడుగు పాత కొలతకే కుట్టారు కదా! చీటీ చించాక తొడుగును మళ్లీ కొత్తగా విప్పి పరచాలి. ఈ రెండు పనులూ ఇదే వరుసలో జరగాలి.

ఇక ఒక గోడ మీద సరిగ్గా ఉండి, మూల తిరిగిన గోడ మీద తప్పుతోందంటే తొడుగు కత్తిరించడంలోనే లోపం. దీన్ని పట్టుకోవడానికి ఇటుకల ఫోటో పనికిరాదు. నలుపు తెలుపు గళ్ల బొమ్మ తగిలించండి, పురావస్తువారి కొలబద్ద లాంటిదే. ఒక్కో గడి 10 సెంటీమీటర్లని పెట్టుకోండి. ఇల్లంతా గళ్లు నలుచదరంగా, ఒకే సైజులో ఉంటే తొడుగు బాగుంది. ఎక్కడ గడి సాగిందో అక్కడ జబ్బు. ఇటుక సాగితే మన కన్ను సర్దుకుపోతుంది, గడి సాగితే మాత్రం ఊరుకోదు.

ఇంత తంటా దేనికి, బొమ్మే కదా అంటారా? టైల్సు సంగతి వినండి. దుకాణంలో 'టూ బై టూ' అని అమ్మే టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు. రెండు అడుగులంటే 609.6 మిల్లీమీటర్లు. బొమ్మ గీసినవారు తొడుగును రెండు అడుగులకు పెడితే, 20 అడుగుల గదిలో పది టైల్సు అంచునుంచి అంచుకు కొలిచినట్టు సరిపోతాయి. చూడముచ్చటగా ఉంటుంది. అసలు గదిలో మేస్త్రీ పది టైల్సు పరిచేసరికి 6000 మిల్లీమీటర్లే నిండుతాయి, గది 6096. సందులకు కాస్త పోయినా గోడవారన మూడు నాలుగు అంగుళాల ఖాళీ మిగులుతుంది. అప్పుడు కొత్త టైళ్లను నిలువునా కోసి ఆ సన్నటి పట్టీ నింపాలి. అదనంగా టైల్సు కొనాలి, అతుకు గుమ్మం ఎదుటే కనబడవచ్చు కూడా. ఇంటివారు బొమ్మను నమ్మి డబ్బాలు లెక్కపెట్టుకున్నారు. బొమ్మలో తప్పు ఒకటిన్నర శాతమే! కంటితో చూసి దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపడ్డ ఊరు. మీరు సైన్సు ప్రదర్శనకు కంప్యూటర్‌లో ఒక మిల్లు కట్టి, ముందు 10 మీటర్ల ధాన్యం రాశి పోయాలనుకున్నారనుకుందాం. వడ్లకు దగ్గరగా ఫోటో తీశారు. ఫోటోలో పడింది 20 సెంటీమీటర్ల మేర. దాన్ని రాశి మీద ఒక్కసారే పరిస్తే 50 రెట్లు సాగుతుంది. 8 మిల్లీమీటర్ల వడ్లగింజ 40 సెంటీమీటర్లవుతుంది, ఇంచుమించు మూరెడు! సరే, లెక్క ప్రకారం 50 సార్లు పరిచారు. గింజ సైజు కుదిరింది. కాని రాశి మీద ఇప్పుడు చీర మీద అద్దకంలా ఒకే మచ్చ వరుసగా, పదే పదే కనిపిస్తుంది. ఫోటోలో ఎక్కడో ఒక నల్లగింజ ఉంది, అది అడ్డంగా చూసినా నిలువుగా చూసినా యాభై చోట్ల మొలిచింది. కొలత సరైనదే, ఫోటోయే చాలలేదు. ఇంకా పెద్ద మేర పట్టే ఫోటో తీయాలి, లేదా రెండు మూడు ఫోటోలను కలపాలి. ఈ మచ్చల్ని చూసి భయపడి మళ్లీ గింజను పెంచకండి.

ఇంకో చోటా ఇలాంటి మోసమే జరుగుతుంది. మిల్లు పైకప్పు ముడతల రేకులు దగ్గరనుంచి చక్కగా ఉంటాయి. కెమెరాను దూరం జరుపుతూ పోతే రేకుల గీతలు మిలమిల కదులుతాయి, లేని వంపులు, అలలు తేలుతాయి. రెండు దోమతెరల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి కదిపితే కనిపించే అలలు గుర్తున్నాయా? అదే వ్యవహారం. దూరాన ఉన్న కప్పు తెర మీద కొద్ది చుక్కల్లోనే ఇమడాలి. ఒక్కో చుక్క వెనక ఎన్నో గీతలు పోటీ పడతాయి, కంప్యూటర్ వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. కెమెరా జరిగిన ప్రతిసారీ ఇంకోటి పట్టుకుంటుంది. ఇక్కడ తొడుగు సైజులో తప్పే లేదు.

లాన్స్ విలియమ్స్ అనే ఆయన 1983లో దీనికి మందు చెప్పాడు. తొడుగు బొమ్మను ముందుగానే సగం సగం చేసి దాచుకోవాలి. 1024 చుక్కల బొమ్మ, తరువాత 512, 256, 128, అలా చివరికి ఒకే ఒక్క చుక్క. మొత్తం 11 బొమ్మలు. దగ్గరి గోడకు పెద్దది, దూరపు గోడకు చిన్నది. దీన్ని మిప్‌మ్యాప్ అంటారు. 'కొంచెంలో ఎంతో' అని అర్థమొచ్చే లాటిన్ మాటల మొదటి అక్షరాలవి. ఇన్ని బొమ్మలు దాచాలంటే జ్ఞాపకం ఎంత కావాలో లెక్క కట్టండి. పక్కా కొలతలు రెండూ సగమైతే వైశాల్యం నాలుగో వంతు. నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు... ఎంత దూరం కలిపినా మొత్తం మూడో వంతు దాటదు. పది అదనపు బొమ్మలకు ఖర్చు అంతే! మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏర్పాటు ఆపేసి ఉంటే తిరిగి పెట్టండి, మిలమిల తగ్గుతుంది.

ఇప్పుడు మీ వంతు. సూర్యాపేటలో ఒక ఇంటి బొమ్మ. తలుపు ఏడడుగులే ఉంది. గోడ మాత్రం దూరంనుంచి ఉత్త ఎర్రగా ఉంది. బాగా దగ్గరికి వెళ్లి చూస్తే ఇటుకలున్నాయి, సిమెంటు సందుతో కలిపి ఒక్కోటి 7.87 మిల్లీమీటర్ల పొడవు, 3.94 మిల్లీమీటర్ల ఎత్తు. పొడవు ఎత్తుకు రెట్టింపు, అంటే ఎటూ సాగలేదు. దొంగ ఎవరు? 200ను దేనితో భాగిస్తే 7.87 వస్తుందో చూడండి.